మేక ఒప్పుకునేదాకా

గుడియాత్తంలో కౌండిన్య ఏటి ఒడ్డున ఒక చిన్న గంగమ్మ గుడి ఉంది. ఆ గుడిలో నలభై ఒక్క ఏళ్ళు యాటలు, అంటే మొక్కుబడి మేకలను, కొట్టిన మనిషి కుప్పుస్వామి. మామూలు రోజుల్లో చూస్తే ఈ మాట ఎవరూ నమ్మరు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఖాకీ చొక్కా తొడుక్కొని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, పనికి వచ్చే ఆడవాళ్ళను పేరుపేరునా పలకరించే కావలి మనిషి ఆయన. కుర్చీ కింద చీమల బారు పోతుంటే కుర్చీనే పక్కకు జరుపుకుంటాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు గానీ సామెతలు మాత్రం వంద వచ్చు.

యాట కొట్టే పని ఆయనకు తండ్రి నాగలింగం నుంచి వచ్చింది. దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ముందురోజు గంజి తప్ప ఏమీ తాగకూడదు. కత్తి తానే నూరుకోవాలి. ఒక్క వేటుకే తెగాలి, రెండో వేటు పడిందంటే పాపం. చిన్నపిల్లలు ఎదురుగా ఉండకూడదు. కొట్టిన తర్వాత నవ్వకూడదు, కాసేపు ఎవరితోనూ మాట్లాడకూడదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మేక వీపు మీద పసుపు నీళ్ళు చల్లి, మెడలో వేపాకు దండ వేసి నిలబెట్టాలి. అది తనంతట తాను ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎంతసేపైనా నిలబడాల్సిందే.

ఈ విషయంలో కుప్పుస్వామి మహా మొండి. ఒక ఏడాది కృష్ణప్ప ఇంటి మేక రెండున్నర గంటలు రాయిలా నిలబడింది. పొయ్యి మీద అన్నం మెత్తబడి ముద్దయింది, చుట్టాలు సణిగారు, కృష్ణప్ప తిట్టాడు. కుప్పుస్వామి మాత్రం కత్తి దించి గుడి మెట్టు మీద కూర్చున్నాడు. చివరకు ఆ మేకను ఇంటికి తోలుకుపోయారు. అది ఇంకో ఆరేళ్ళు బతికి, ముసలిదై చచ్చిపోయింది. "చంపేది మన చెయ్యి, ఒప్పుకొనేది దాని పాణం. అడక్కుండా కొడితే దాన్ని నరుకుడు అంటారు, బలి అనరు" అని నాగలింగం చెప్పేవాడు. కుప్పుస్వామికి వేదం, చట్టం అన్నీ ఆ ఒక్క మాటే.

ఇట్లాంటి మనిషికి మనవడి ఫోన్లో దాపురించింది పీడ.

కూతురు సింధుజ కాపురం వేలూరు పక్కన బాగాయంలో. అల్లుడు ముకేష్ చెప్పుల కంపెనీలో సూపర్వైజరు. ఒక్కడే కొడుకు యువన్, పదకొండేళ్ళు. ఫాల్గుణంలో ఒక ఆదివారం కుప్పుస్వామి ఒక సంచి నిండా మొదటి కాపు మామిడికాయలు వేసుకొని, బస్సు దిగి ఇంటికి చేరేసరికి మనవడు సోఫాలో పడుకొని ఫోన్లో మునిగి ఉన్నాడు. తాత వచ్చాడని తల కూడా ఎత్తలేదు. సరే, వాడి లోకంలోకి మనమే పోదామనుకొని ఆయన పక్కన చేరి కూర్చున్నాడు.

"ఏంది నాయనా అది?"

"ఎనిమీ తాతా. ఆ గోడ ఎనక దాక్కొని ఉండాడు. ఇప్పుడు చూడు."

టపటపమని మోత. గోడ వెనక మనిషి కూలబడ్డాడు. చావలేదు, చేతుల మీద పాకుతున్నాడు. యువన్ వెంటనే కాల్చలేదు. వాడి చుట్టూ తిరుగుతూ "పాకు, పాకు, యాడికి పోతావు" అని కిచకిచ నవ్వాడు. తీరిగ్గా కాల్చాడు. ఆ తర్వాత తెర మీద వాడి బొమ్మ, చచ్చినవాడి పక్కన నిలబడి నడుము ఊపుతూ డాన్సు మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, కాళ్ళు ఎగరేస్తూ, శవం చుట్టూ. యువన్ కూడా సోఫాలో పడుకొనే కాళ్ళు ఆడించాడు.

మామిడికాయ సొన వాసన కూడా పడక కుప్పుస్వామి సంచి దూరంగా పెట్టాడు.

"వాడు నిన్ను ఏం చేసినాడు నాయనా?"

"ఎవరు?"

"ఆ చచ్చినోడు."

"ఏం చెయ్యలేదు తాతా. గేము!" అని వాడు తాతను జాలిగా చూశాడు. అంతలోనే ఇంకొకడు దొరికాడు, మళ్ళీ మోత, మళ్ళీ డాన్సు.

అన్నాల దగ్గర కుప్పుస్వామి ఉండబట్టలేక ఆ మాట ఎత్తాడు. బడిలో వీడు పక్క పిల్లవాడి చెవి మీద స్కేలుతో కొట్టాడని, వాడు కిందపడి ఏడుస్తుంటే చుట్టూ ఎగిరాడని, టీచరు పిలిపించిందని సింధుజే అంతకుముందు ఫోన్లో చెప్పింది. అది కూడా గుర్తు చేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"మామా, దీన్ని గురించి మీరా మాట్లాడేది?" అని ముకేష్ పగలబడి నవ్వాడు. "ఇన్నేండ్లలో ఎన్ని తలకాయలు కొట్టినారో మీకే లెక్క తెలీదు. వాడు బొమ్మల్ని కాల్చినాడని బాధ పడతా ఉండారు. గురివింద గింజ కత కాదా ఇది?"

సింధుజ కూడా నవ్వింది. "తాత రక్తం యాడికి పోతాది నాయనా? ఆ గేములో వీడే వాళ్ళ క్లాసుకంతా ఫస్టు."

కుప్పుస్వామి కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. తాత రక్తమంట! చేతిలో కత్తి ఉంది కదా అని తనను, ఆ కిచకిచ నవ్వును ఒకే గాటన కట్టేశారు. కొట్టింది నిజం. నలభై ఒక్క ఏళ్ళు కొట్టాడు. కానీ ఒక్కనాడైనా నవ్వాడా? ఒక్కదాని చుట్టూ అయినా ఎగిరాడా? ఇదంతా కూతురికి చెప్పాలంటే సిగ్గేసింది. చెయ్యి కడుక్కొని బస్సెక్కాడు.

ఇంటికి పోయి భార్య అమ్మణితో ఒకటే మాట. "పసిబిడ్డ నోట్లో ఆ నవ్వు ఎట్ల వచ్చింది? అసయ్యంగా ఉండాది అమ్మణీ. మన బిడ్డని చూస్తే నాకే అసయ్యం వేసింది. దీనికంటే పాపం ఏముంటాది?"

ఆయనకు భయం ఒక్కటే. వీడికి ప్రాణమంటే ఏమిటో తెలియకుండానే పెద్దవాడైపోతాడని.

అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. వాడి పేరు మీద ఒక మొక్కు బాకీ ఉంది. పోయిన ఏడాది యువన్‌కు డెంగీ జ్వరం వచ్చి వేలూరు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాడు. నాలుగో రోజు డాక్టరు పెదవి విరిస్తే సింధుజ అక్కడే వరండాలో పడి, బిడ్డ బతికితే గంగమ్మకు యాటనిస్తానని మొక్కుకుంది. ఎండాకాలంలో వచ్చే వైకాసి నెలలో ఆ మొక్కు చెల్లించాలి. మేకను వారం ముందే కొని తెచ్చి వాడి చేతికే అప్పగిస్తే? మేత వాడే వెయ్యాలి, నీళ్ళు వాడే పెట్టాలి, కడగడం కూడా వాడే. ఆ తర్వాత అది పోయేటప్పుడు వాడు కళ్ళారా చూడాలి. పిల్లలు ఎదురుగా ఉండకూడదన్న కట్టుబాటును ఈ ఒక్కసారికి పక్కన పెడదామనుకున్నాడు.

"వానికీ మేకకూ ఏమి సంబంధం? వద్దయ్యా" అంది అమ్మణి.

"చేత్తో తాకి చూస్తే తెలుస్తాది. ఫోన్లో పాణం వేడిగా ఉండదు గదా."

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే యువన్‌ను గుడియాత్తం తెచ్చారు. ఒడుగత్తూరు సంత నుంచి నల్ల మేకపోతు వచ్చింది. నుదుట మీద తెల్లటి చార, పొగరుమోతు చూపు. ఫోను సాయంత్రం రెండు గంటలే అని తాత కండిషను. మొదటి రోజు వాడు మూతి ముడుచుకొని కూర్చున్నాడు. రెండో రోజు విసుగు పుట్టి అవిసాకు కొమ్మ పట్టుకొని మేక దగ్గరికి పోయాడు. అది వాడి అరచెయ్యి నాకింది.

"తాతా! దీని నాలిక గరుగ్గా ఉండాది!" అని అరిచాడు.

కుప్పుస్వామి పొంగిపోయాడు. గేటు డ్యూటీకి పోయి కనిపించిన ఆడవాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు. వాడు మేకకు 'బాస్' అని పేరు పెట్టాడు. గేములో చివర్లో వచ్చే పెద్ద రాక్షసుడి పేరంట అది. పేరు ఏదైతేనేం, పేరు పెట్టాడు కదా అని తాత సంతోషం.

నాలుగో రోజు మేకను కడిగారు. బోరింగు దగ్గర యువన్ చెంబుతో నీళ్ళు పోస్తుంటే కొన్ని దాని చెవిలో పడ్డాయి. మేక తల నుంచి తోక దాకా జలజలా విదిలించింది. యువన్ మీద నీళ్ళన్నీ చిందాయి. వాడు విరగబడి నవ్వాడు. అది సోఫాలో నవ్విన నవ్వు కాదు, పిల్లవాడి నవ్వు. మళ్ళీ చెవిలో పోశాడు, మళ్ళీ విదిలించింది. మళ్ళీ పోశాడు. తాత గోడకు ఆనుకొని, వక్క నములుతూ, ఆ నవ్వే చూస్తూ నిలబడ్డాడు. వాడు నేర్చుకుంటున్నది ఏమిటో ఆయనకు ఆ పూట తట్టలేదు.

శనివారం సాయంత్రం ఆయన మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రేపు ఇది పోతాది నాయనా. నీ కోసరం. నువ్వు పోవాల్సిన చోటికి నీకు బదులుగా పోతా ఉండాది."

"తెలుసు. అమ్మ చెప్పింది."

"ఏమనిపిస్తా ఉండాది?"

"దాని డొక్క మీద చెయ్యి పెడితే గుండె కొట్టుకొనేది తెలుస్తాది తాతా. మన దానికంటే బిరబిరా కొట్టుకుంటాది."

ఆ మాటకు కుప్పుస్వామి కళ్ళు తడిశాయి. చాలు, గంగమ్మ తల్లీ, వీడికి తెలిసింది అనుకున్నాడు.

ఆదివారం గుడి దగ్గర నలభై మంది చుట్టాలు. పంబలు మోగుతున్నాయి, పక్కన అన్నం ఉడుకుతోంది. కుప్పుస్వామి గంజి నీళ్ళ మీదే ఉండి, తలంటుకొని, పసుపు పంచె కట్టుకొని వచ్చాడు. యువన్‌ను తన ఎడమ పక్కన, మేకకు రెండడుగుల దూరంలో నిలబెట్టాడు. మేక మీద పసుపు నీళ్ళు చల్లాడు. కత్తి కిందికి దించి పట్టుకొని చూస్తూ నిలబడ్డాడు.

మేక విదిలించలేదు.

పావుగంట పోయింది. అరగంట పోయింది. మళ్ళీ చల్లారు. అది దండలోని వేపాకును తినబోయి, చేదని వదిలేసి, జనాన్ని చూస్తూ నిలబడింది. ఎండ నెత్తికెక్కింది. ముకేష్ ఫోను పైకెత్తి వీడియో తీసీ తీసీ చెయ్యి నొప్పి పుట్టి దించేశాడు. సింధుజ దండాలు పెడుతూనే ఉంది. ఏదైనా తప్పు జరిగి ఉంటే మన్నించమని అమ్మణి కొబ్బరికాయ కొట్టింది.

"ఎంతసేపు తాతా?" అన్నాడు యువన్.

"అది ఒప్పుకొనేదాకా."

"ఒప్పుకోకపోతే?"

"ఇంటికి తోలుకపోతాము."

వాడు మేక వంక చూశాడు, తండ్రి చేతిలోని ఫోను వంక చూశాడు. కుప్పుస్వామి చెమట తుడుచుకోవడానికి తలగుడ్డ విప్పాడు. గుడ్డ మొహం మీది నుంచి తీసేసరికి యువన్ చేతిలో పసుపు నీళ్ళ చెంబు ఉంది, దాని మూతి మేక చెవిలోకి వంచి ఉంది. మేక జలజలా విదిలించింది. "గంగమ్మ తల్లీ!" అని జనం కేక పెట్టారు. పంబలు ఒక్కసారిగా హోరెత్తాయి.

"నిలపండి!" అని కుప్పుస్వామి అరిచాడు. "ఇది చెల్లదు. ఒరే, ఏం చేస్తివిరా?"

"స్కిప్ చేసినా తాతా" అన్నాడు వాడు, మంచి పని చేశానన్న ముఖంతో. "వెయిటింగ్ స్కిప్ చేసినా."

జనం గొల్లున నవ్వారు. తప్పట్లు కూడా కొట్టారు. "బుర్ర చూడండి మామా వాడిది!" అని ముకేష్ మురిసిపోయాడు. కుప్పుస్వామికి ఆ పిల్లవాడి కంటే ఈ పెద్దవాళ్ళను చూస్తే రోత పుట్టింది. అమ్మవారిని మోసం చేస్తే తప్పట్లు కొట్టే భక్తులు! పొట్టలో ఆకలి, చేతిలో ఫోను, నోట్లో గంగమ్మ పేరు.

"మాప్ళే, మీరు రొంచేపు ఊరకుండండి" అన్నాడు అల్లుడితో. "దాన్ని మళ్ళా అడగాల. నేను కొట్టను."

సింధుజ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆమె నవ్వడం లేదు. "నాయనా, ఆరు దినాలు నేను ఆ వరండాలో ఎట్లుండానో నీకు తెలుసు. మొక్కు నిలిచిపోయి, రేపు వానికి ఏమన్నా అయితే? విదిలించింది గదా. ఎట్లనో ఒకట్ల విదిలించింది. కొట్టు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఊళ్ళో ఎవరి మేకైనా ఆయన వెనక్కి పంపేవాడే. కానీ ఇది సింధుజ బిడ్డ ప్రాణానికి బదులు మేక. కూతురు ఆయన మోచెయ్యి వదల్లేదు. మేక ఆయననే చూస్తోంది. నలభై ఒక్క ఏళ్ళు అడిగి కొట్టిన చెయ్యి, ఆ రోజు అడక్కుండా లేచింది.

ఒక్క వేటుకే తెగింది.

కుప్పుస్వామి మేకను చూడలేదు, మనవణ్ణి చూశాడు. నెత్తురు వాడి పాదాల దాకా చింది, కాలి వేళ్ళ మీద పడింది. కాళ్ళు కొట్టుకుంటున్న మొండేన్ని చూస్తూ వాడు కదలకుండా నిలబడ్డాడు. నోరు తెరుచుకుంది. ముఖంలో రంగు పోయింది. మొన్న మేక డొక్క మీద పెట్టి గుండె చూసిన చెయ్యి, తనకు తెలియకుండానే, మెల్లగా తన రొమ్ము మీదికి వచ్చింది. కింది పెదవి అదిరింది.

తెలిసింది వాడికి. తెలుస్తోంది.

"యువన్! కన్నా, ఇట్ల చూడు!" అని ముకేష్ ఫోను ఎత్తాడు. "డాన్సు వెయ్ రా. గేములో ఏస్తావే, అది!"

వాడు తండ్రిని చూశాడు. మేకను చూశాడు. మళ్ళీ తండ్రిని చూశాడు. చుట్టాలు తప్పట్లు అందుకున్నారు, పంబల వాడు దానికి తగ్గట్టు దరువు మార్చాడు. వాడి కాలు ఒకటి కదిలింది. మొదట తడబడింది, రెండో అడుగు సరిగ్గా పడింది. తర్వాత నడుము ఊగింది, చేతులు తిరిగాయి. నెత్తుటి చుట్టూ తిరిగి తిరిగి, బొమ్మ ఎట్లా ఎగిరిందో అచ్చం అట్లాగే ఎగిరాడు. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

కుప్పుస్వామి గుడి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. పొట్టలో గంజి నీళ్ళు తప్ప ఏమీ లేవు, అవే వచ్చాయి. ఆ రోత ఎవరి మీదో ఆయనకే తేలలేదు. ఎగిరిన బిడ్డ మీదా, ఎగరమన్న అల్లుడి మీదా, లేవకూడనప్పుడు లేచిన తన చేతి మీదా? మూడింటి మీదా సమానంగానే అనిపించింది. కత్తి కడిగి అమ్మవారి ముందు పెట్టాడు. వరసలో ఇంకా రెండు ఇళ్ళ మేకలు ఉన్నాయని గుడి పెద్ద వెంకటేశన్ బతిమాలాడు. "ఈ చెయ్యి ఇంక చెల్లదప్పా" అని ఒక్క మాట చెప్పి ఇంటికి నడిచిపోయాడు. ఆ రోజు విందులో ఆయన ఆకు ముందు కూర్చోలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పుడు ఆ గుడిలో బజారు వీధి మటన్ కొట్టు మనిషి యాటలు కొడుతున్నాడు. చెంబు ఎత్తి చెవిలో పోస్తాడు, విదిలిస్తుంది, కొడతాడు. ఒక్కో మేకకు రెండు నిమిషాలు. అన్నం మెత్తబడటం లేదని అందరికీ సంతోషం. ఈ కిటుకు ఎవరు కనిపెట్టారని పొరుగూరి వాళ్ళు అడిగితే, "మన కుప్పుస్వామి మనవడే" అంటారు, మెచ్చుకోలుగానే అంటారు. ఆ వీడియోను చుట్టాలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఒకరికొకరు చూపించుకుంటారు. యువన్‌కు మాత్రం ఆ రోజు సంగతి అడిగితే ఎండగా ఉండిందని తప్ప ఏమీ గుర్తు లేదు.

కుప్పుస్వామి ఫ్యాక్టరీ గేటు దగ్గర అదే కుర్చీలో కూర్చుంటున్నాడు. గంగమ్మ గుడి వైపు పోడు. అల్లుడితో ముక్తసరిగా మాట్లాడతాడు, మనవడు వస్తే తలకు నూనె రాస్తాడు. అందరూ ఆయన పంతం పట్టాడని, వయసు మీద పడి చాదస్తం ముదిరిందని అనుకుంటారు. అమ్మణికి ఒక్కదానికే ఆయన అసలు మాట చెప్పాడు. ఒకసారి కాదు, అన్నం తింటూ తింటూ ఆగిపోయి, వందసార్లు చెప్పాడు.

"వాడు ఏడ్చేటట్టు ఉండాడు అమ్మణీ. నేను చూసినా. ఇంకొక్క నిమిషం ఎవురూ నోరు తెరవకుండా ఉండింటే, బిడ్డ ఏడ్చి ఉండును."